సున్నలో చుక్క

దయ్యాలంటే భయపడిన మనిషిని కాదు నేను. సత్తుపల్లి దగ్గర మా నాన్న జామాయిల్ తోటకు కాపలా ఉండేవాడు. నాలుగో తరగతితో బడి మానేసి, శ్మశానం పక్క బాటనే రోజూ ఆయనకు సద్ది తీసుకుపోయేదాన్ని. ఒక్కనాడు ఏదీ కనిపించలేదు, వినిపించలేదు. ఎవరికైనా గాలి సోకిందంటే ముందు ఒళ్ళు పట్టి జ్వరముందేమో చూడమనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను.

అయినా నా బతుకులో ఒక్క మధ్యాహ్నం ఉంది. చూసింది చూసినట్టు, ముందుది ముందు, వెనకది వెనక చెబుతాను.

నన్ను దుమ్ముగూడెం ఇచ్చారు. మా ఆయన రేడియోలు, టీవీలు, మైకుసెట్లు బాగుచేసేవాడు. రోడ్డు మీద చిన్న రేకుల షాపు. అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్న రోజులు. గోదారి గట్టెక్కి నిలబడితే సిగ్నల్ దొరికేది, కిందికి దిగితే లేదు.

ఒకసారి సామాన్లకని ఖమ్మం పోయి, అక్కడ ఒక బట్టల షాపు మీద నడిచే బోర్డు చూసి వచ్చాడు. ఎర్ర లైట్ల అక్షరాలు కుడి పక్కనుంచి పుట్టి, నడుచుకుంటూ ఎడమ పక్కకు పోయి మాయమయ్యే బోర్డు. రెండు రోజులు అన్నం తింటూ కూడా గోడనే చూశాడు. మూడో రోజు మా షాపు పక్కనున్న హోటల్ భద్రయ్య అన్నతో, నీ హోటల్‌కు గట్లాంటి బోర్డు చేసిస్తా అన్నాడు. కొంటే దొరికేవి ఇంగ్లీషు అక్షరాలవేనట. బస్సు దిగి ఇడ్లీ తినేవాళ్ళకు ఇంగ్లీషు ఎందుకని తెలుగుదే చేస్తానని పట్టుబట్టాడు.

లైట్లు కంది గింజంత ఉండేవి. పదహారు అడ్డ వరసలు, తొంభై ఆరు నిలువు వరసలు. మొత్తం పదిహేను వందల ముప్పై ఆరు. ఒక్కో లైటుకు ఒక పొడుగు కాలు, ఒక పొట్టి కాలు. కాళ్ళు తారుమారైతే వెలగదు. రెండు పెన్సిల్ సెల్లులు పెట్టుకుని ఒక్కోటి వెలిగించి చూసి, రంధ్రంలో గుచ్చడం నా పని. వెనకనుంచి సోల్డరింగ్ చేయడం ఆయన పని. నిద్రలో కూడా వేళ్ళు గుచ్చుతూనే ఉండేవి, ఇద్దరికీ.

లైట్ల కంటే అక్షరాలే ఏడిపించాయి. గడుల కాగితం మీద ఆయన గీసిన తెలుగు అక్షరాలు కాళ్ళు విరిగిన కప్పల్లా ఉండేవి. ఒకనాడు పొద్దున నేను వాకిట్లో ముగ్గు పెడుతుంటే పళ్ళపుల్ల నోట్లో పెట్టుకొని వచ్చి నిలబడ్డాడు.

"ఏయ్, ఆగు. అయి ఎన్ని చుక్కలు?"

"పదహారు వరస."

"గీతలు గియ్యకు. ఆ చుక్కలల్లనే నాకొక 'భ' చెయ్యి."

నేను నవ్వాను. నాలుగో తరగతి దానితో అక్షరాలు రాయించుకుంటున్నావా అన్నాను. కానీ చేశాను. చేతికి ముగ్గు తెలుసు కాబట్టి ఎక్కడ చుక్క ఉండాలో, ఎక్కడ తీసేయాలో చేతికే తెలిసిపోయింది. అట్లా ఎనిమిది రోజులు మా వాకిట్లో ముగ్గుకు బదులు అక్షరాలే. ఆయన చూసి గడుల కాగితంలోకి ఎక్కించుకునేవాడు.

ఒక్క సున్న దగ్గర తగాదా వచ్చింది. మా ఇంట్లో అమ్మ నేర్పిన పద్ధతి, ముగ్గులో గీత తిరిగిన ప్రతి గడిలో ఒక చుక్క ఉండాలి. చుక్క లేని గడి ఉంచితే ఇల్లు బోసిపోతుంది. ఆ అలవాటున సున్న చుట్టి, దాని నడిమధ్య ఒక చుక్క పెట్టాను.

"సున్నల చుక్కేందే? సున్నంటేనే ఖాళీ."

"ఖాళీ గడి నా చేత్తో పెట్టను. కావాలంటే నువ్వు పెట్టుకో."

ఆయన రెండుసార్లు చెరిపాడు. నేను రెండుసార్లూ పెట్టాను. చివరికి బోర్డులో చుక్కతోనే పోయింది. బోర్డు పెట్టిన రోజు భద్రయ్య అన్న తల పైకెత్తి చూసి, "ఇదేంది చెల్లె, సున్నకు బొట్టు పెట్టినవా?" అన్నాడు. హోటలంతా నవ్వింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ బోర్డుకు మీటలు లేవు, రిమోటు లేదు. అక్షరాలన్నీ లోపల ఒక చిన్న చిప్పులో ఉంటాయి. ఒక్క అక్షరం మార్చాలన్నా ఆ చిప్పు ఊడదీసి, ఖమ్మంలో కంప్యూటర్ సెంటర్‌కు తీసుకుపోయి, ఎక్కించుకుని రావాలి. ఆ పని మా ఆయనకు తప్ప ఊళ్ళో ఎవరికీ రాదు. బోర్డు మీద ఉన్న మాటలు ఇవే: భద్రయ్య హోటల్, వేడి ఇడ్లీ, వడ, భోజనం లభించును. ఆ మాటలకు కావలసిన అక్షరాలే చేశాం. మిగతావి తర్వాత చూద్దాం అనుకున్నాం.

ముత్తమ్మ అని ఒక కోయ ఆమె అడవి పల్లెనుంచి హోటల్‌కు విస్తళ్ళు తెచ్చి వేసేది. చదువు రాదు. దించిన విస్తళ్ళ కట్ట మీదే కూర్చుని బోర్డు చూసేది. "ఎర్రచీమలు మంచిగ నడుస్తున్నయి" అనేది.

ఆ వానాకాలం, ఆగస్టు పదిహేనుకు నాలుగు రోజుల ముందు, అడవి లోపలి ఆశ్రమ పాఠశాలవాళ్ళు మైకు మోగడం లేదని కబురు పెట్టారు. పొద్దున్నే పనిముట్ల సంచి మోపెడ్‌కు తగిలించుకుని పోయాడు. జెండా పండుగకు మైకు లేకపోతే పిల్లలు చిన్నబోతారన్నాడు. పదకొండింటికి వాన మొదలైంది. అట్లాంటి ఇట్లాంటి వాన కాదు.

ఆ రాత్రి రాలేదు. దారిలో వాగు పొంగి బడిలోనే ఆగాడనుకున్నాం. మర్నాడు బడినుంచి చుట్టు తిరిగి ఒక సారు వచ్చి, మెకానిక్ ఇంకా రాలేదేంది అని అడిగాడు.

ఉన్నవాళ్ళం ఉన్నట్టే వాగు దాకా పరుగెత్తాం.

మోపెడ్ వాగుకు ఇవతల చెట్టుకు ఆనించి ఉంది. తాళం వేసి ఉంది. సాయంత్రానికి పనిముట్ల సంచి దొరికింది. వాగు గోదారిలో కలిసే చోట, ముళ్ళకంపకు చిక్కుకుని. లోపల సోల్డరింగ్ ఐరన్, మూడు స్క్రూడ్రైవర్లు, నేను కట్టిన టిఫిన్ డబ్బా. డబ్బా మూత తీయలేదు.

పోలీస్ స్టేషన్‌కు పోయాం. జమేదారు మంచాయనే. పేరు చెప్పమ్మా అన్నాడు. పెళ్ళయిననాటినుంచి ఆయన పేరు పలికింది లేదు. అప్పుడే జూలూరుపాడునుంచి ఏడ్చుకుంటూ దిగిన మా వదిన, ఆయన అక్క, పక్కనుంచి అందుకుంది. "ఆమె చెప్పది సారూ, మా తమ్ముని పేరు నేను చెప్త రాసుకో." ఆయన రాసుకున్నాడు. ఆ పేరు కాగితం మీద పడుతుంటే ఒక్కో అక్షరమే చూస్తూ నిలబడ్డాను.

సంచి కింద దొరికింది కాబట్టి అందరూ కిందనే వెతికారు. పడవవాళ్ళు గోదారిలో గాలాలు వేశారు. రాత్రీ పగలూ నేను గట్టు మీదే ఉన్నాను. ఒక మొద్దు కొట్టుకొస్తే ఆయనే అనుకునేదాన్ని. కాదని తెలిస్తే సంతోషం, మరుక్షణం మళ్ళీ ఏడుపు. ఆయన పోయిన మూడో రోజుకు గోదారి ఇంకా పెరిగింది. భద్రాచలంలో హెచ్చరిక ఇచ్చారని చెప్పి పడవలు కట్టేశారు.

ఆ సాయంత్రం వదిన నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"నీళ్ళల్ల పోయినోడు గట్టు మీదనే నిలబడుతడంటరు పిల్లా. దాహంతోటి నిలబడుతడట. దొరకకపోతే గడ్డితోటి బొమ్మ చేసి దినం చేస్తరు. నా తమ్ముణ్ణి గట్ల నిలబెట్టకు."

ఆమె చెడ్డది కాదు. చిన్నప్పుడు చంకన వేసుకుని పెంచిన తమ్ముడు. ఆమె ఏడుపు ఆమెది. కానీ గడ్డిబొమ్మ కాలిస్తే ఇక ఎవరూ వెతకరు. నాకు ఆ ఒక్కటే తెలుసు. రేపటిదాకా ఆగు వదినా అన్నాను. రేపు సాయంత్రం అయ్యగారికి కబురు పెడతానంది.

నాలుగో రోజు పొద్దున భద్రయ్య అన్న దగ్గరకు పోయాను. నీ బోర్డు మీద మనిషి తప్పిపోయాడని పెట్టు అన్నా, బస్సులవాళ్ళు చూస్తారు, ఎక్కడన్నా చూసినవాళ్ళు చెబుతారు అన్నాను. ఆయన గిన్నె కింద పెట్టాడు.

"ఎవరు పెడ్తరు చెల్లె? పెట్టెటోడే లేడాయె."

నిజమే. అంతవరకు నాకు తోచనే లేదు. అక్కడే బల్ల మీద కూలబడ్డాను. హోటల్లో ల్యాండ్‌ఫోను ఉంది, ఏ ఆస్పత్రినుంచో, ఏ ఊరినుంచో మోగకపోతుందా అని అక్కడే ఉండిపోయాను. కరెంటు పోయి రెండు రోజులు. స్తంభాలు పడ్డాయి. బోర్డు నల్లగా వేలాడుతోంది. హోటల్‌కు జనరేటర్ లేదు, బ్యాటరీ లేదు. భద్రయ్య అన్న పట్టపగలే కిరోసిన్ దీపం పెట్టుకుని వంట చేస్తున్నాడు, బయట అంత మబ్బు.

మధ్యాహ్నం రెండు దాటి ఉంటుంది. భద్రయ్య అన్న, నేను, విస్తళ్ళు దించుకుంటున్న ముత్తమ్మ. ఇంకెవరూ లేరు. వదిన ఇంటి దగ్గర ఉంది.

బోర్డు కుడి అంచున ఒక ఎర్ర చుక్క వెలిగింది.

మెరుపు నీడ పడిందేమో అనుకున్నాను. చుక్క పక్కన చుక్క. అక్షరం పుట్టింది. నడిచింది. నేను చదవడం నెమ్మది, కూడబలుక్కుని చదువుతాను. మొదటిసారి చదవడం పూర్తికాకముందే ఎడమ పక్కన మాయమైంది. మళ్ళీ పుట్టింది. ఈసారి పైకి చదివాను.

ఇప్పలగుంపు.

భద్రయ్య అన్న గరిటె పట్టుకునే బయటకు వచ్చాడు. మూడోసారి ఆయన కూడా చదివాడు. సున్న నా కళ్ళ ముందునుంచే పోయింది, నడిమధ్య చుక్కతో. ఆ తర్వాత బోర్డు ఆరిపోయింది.

ముత్తమ్మే కట్ట కింద పెట్టి అడిగింది.

"ఇప్పలగుంపా? మా చిన్నమ్మ ఊరది. వాగుకు పైన, తొమ్మిదిండ్లు. మీకెవరు చెప్పిండ్రు?"

పైన. మేం ఇన్నాళ్ళూ వెతికింది కింద.

భద్రయ్య అన్న పొయ్యిలో నీళ్ళు పోశాడు. వదినకు కబురు కూడా పెట్టలేదు, పెడితే అడ్డుపడుతుందని. ముత్తమ్మ ముందు, నేను మధ్యలో, ఆయన వెనక. మామూలు ఎడ్లబాటన కాదు, గుట్ట మీదనుంచి తీసుకుపోయింది. రెండు బండల మధ్య వాగు సన్నమయ్యే చోట మోకు కట్టుకుని దాటాం. ఆ దారంతా నేను ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. ఉంటే చాలు, ఉంటే చాలు అనుకుంటూ నడిచాను. ఏ రూపంలో ఉన్నా అని ఒకసారి అనుకుని, నాలుక కరుచుకున్నాను.

పొద్దు గూకకముందే చేరాం. ముత్తమ్మ చిన్నమ్మ ఇల్లు చివరన ఉంది. గడప దగ్గరే ముసలామె ముత్తమ్మతో వాళ్ళ భాషలో ఏదో అంది. ముత్తమ్మ నా వైపు తిరిగి, "ఉన్నడమ్మా" అంది.

చాప మీద పడుకుని ఉన్నాడు. కుడికాలుకు వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. ఒళ్ళు పెనంలా కాలుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టలేదు. వాగు దాటడానికి పైన సన్నమయ్యే చోటు చూద్దామని నడిచిపోయి, బండ మీద జారి లోయలో పడి ఉంటాడు. సంచి నీళ్ళలో పోయింది. పుట్టగొడుగులకు పోయిన ముసలామె చూసి, ఇద్దరు మనుషులను పిలిచి మోయించుకొచ్చింది. ఊరికి అటూ ఇటూ వాగులు పొంగి ఉండడంతో ఎవరూ కిందికి దిగి కబురు చెప్పలేకపోయారు.

ఆయన కుడిచెయ్యి మాత్రం ఆగడం లేదు. చాప పక్కన చేటలో ఇప్పగింజలు. ఒక్కో గింజ తీసుకుని మట్టినేల మీద పెడుతున్నాడు. గింజ పక్కన గింజ.

ముసలామె చెప్పింది, ముత్తమ్మ మాకు తెలుగులో చెప్పింది. "వచ్చినకాంచి ఉత్తి చేతులతోటే నేలమీద గుచ్చుతుండట. మతి పోయిందనుకున్నదట. ఇయ్యాల పగటికి కొంచెం సోయి వచ్చి, ఇది ఏ ఊరని సైగ చేస్తే మా చిన్నమ్మ పేరు చెప్పిందట. అప్పుడు గింజలు ముందర పెట్టిందట. అప్పటిసంది ఇదే పని. పెడ్తడు, చేత్తోటి ఊడుస్తడు, ఇంకోటి పెడ్తడు."

నేను కిందికి వంగి చూశాను. అప్పుడు నేల మీద ఉన్నది 'గుం'. పదహారు వరసల ఎత్తు. సున్న నడుమ ఒక్క గింజ.

మర్నాడు మంచాన్ని డోలీ కట్టి, పూటంతా మోసి, భద్రాచలం ఆస్పత్రిలో చేర్చారు. మలేరియా తలకెక్కిందన్నారు. పదిహేడు రోజులు ఉన్నాం. వదిన ఆయన కాళ్ళు పట్టుకుని ఏడ్చింది, నిన్ను కాల్చబోతి గద తమ్ముడా అని. బతికాడు. కుడికాలు కొంచెం పొట్టిదైంది. "పొడుగు కాలు, పొట్టి కాలు, ఇప్పుడు నన్ను గుచ్చు చూద్దాం" అని తనే నవ్వేవాడు.

నడవడం వచ్చాక మొదట చేసిన పని ఆ బోర్డు దింపి విప్పడం. లోపల నీళ్ళు దిగలేదు. చిప్పు ఖమ్మం తీసుకుపోయి చూపించాడు. అందులో హోటల్ మాటలు తప్ప ఏవీ లేవు. కరెంటు లేకపోయినా లోపల ఎక్కడో కొంచెం మిగిలి ఒక రెప్పపాటు వెలగొచ్చు, ఉరుములకు తీగల్లో ఏదైనా పుట్టొచ్చు అన్నాడు. సరే, లైట్లు వెలిగాయనే ఒప్పుకుంటాను. కానీ 'గ' గానీ 'ప' గానీ మేం చేయనే లేదు. హోటల్ మాటల్లో వాటి అవసరం రాలేదు. లేని అక్షరం ఎట్లా నడిచింది?

నాలుగు రోజుల ఆకలికి నాకే కళ్ళు తిరిగి కనిపించిందేమో అనుకుందామంటే భద్రయ్య అన్న చదివాడు. ఆయన ఇప్పుడు లేడు, కానీ ఉన్నంతకాలం అడిగినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పాడు, ఒక అక్షరం అటూ ఇటూ కాకుండా. ముత్తమ్మకు చదువు రాదు. చీమలు మూడుసార్లు నడిచాయంటుంది. అంతకు మించి చెప్పదు.

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను ఇన్నేళ్ళూ తినేది ఇంకొకటి.

ఆయనకు ఆ నాలుగు రోజులు ఏవీ గుర్తులేవు. గింజలు పెట్టిన సంగతి మేం చెబితేనే తెలిసింది. ఒకనాడు అన్నం తింటూ, జ్వరంలో కూడా నా చుక్క మరిచిపోలేదే అన్నాను, మురిపెంగా. ఆయన ముద్ద పట్టుకునే ఆగిపోయాడు.

"నేను పెట్టను గదనే. నా కాగితంల ఎన్నడన్న పెట్టిన్నా? సున్నంటే ఖాళీ."

లేచి గడుల కాగితాల కట్ట తెచ్చి చూపించాడు. నిజమే. ఆయన చేత్తో గీసిన ఏ సున్నలోనూ చుక్క లేదు. బోర్డులో ఆ చుక్కలను కంప్యూటర్ దగ్గర నా మాట కోసం చివర్లో చేర్పించాడట.

మరి ఆ గింజ ఎవరు పెట్టారు? ఆ పూట నా చేతులు హోటల్ బల్ల మీద ఉన్నాయి. అవి ఏం చేస్తున్నాయో నాకు గుర్తులేదు. అన్నీ గుర్తుండే నాకు, అదొక్కటే గుర్తులేదు.

మొన్న ఈ కాగితాలు రాస్తుంటే మా అమ్మాయి తప్పులు దిద్దడానికి కూర్చుంది. సున్నల్లో చుక్కలు ఎందుకమ్మా, తీసేయనా అని అడిగింది. తన పుస్తకంలో తను ఎట్లా రాసుకున్నా సరే, నా కాగితాల్లో మాత్రం ముట్టుకోవద్దన్నాను. పక్క గదిలోనుంచి ఆయన విన్నాడు. ఈసారి సున్నంటే ఖాళీ అనలేదు.